ప్రాణమెక్కే చోట పసుపు

"నిన్న యాడ నిలిపినాం సార్? చంద్రుని కాడనే గదా?"

"చంద్రుని కాడ కాదు ఓబులేసూ, చైనా కాడ. నువ్వు తిట్టి తిట్టి గొంతు పోగొట్టుకుంటివి. నేను ఇంటికి పోయి నిమ్మళంగా భోంచేస్తి."

"ఆ, అదే. ఆడినుంచే మొదలుపెడదాం."

ఓబులేసు ఇనప స్టూలు లాక్కుని కూర్చున్నాడు. శనివారం ఉదయం పదిగంటలు. బెంగళూరు హూడిలో మెయిన్ రోడ్డు వెనక సందులో అతని ఆటో రిపేరు షెడ్డు, దాన్ని ఆనుకునే అతని భార్య నేత్రావతి టీ బండి. ఆ బండి దగ్గర రెండు గ్లాసుల టీతో మూడు గంటల మాటలు సాగదీసే మనిషి ప్రభుదాసు మాస్టారు. నంద్యాల దగ్గర తెలుగు మీడియం బడిలో ముప్ఫైమూడేళ్లు సైన్సు చెప్పి రిటైరై, కూతురు ఉద్యోగం బెంగళూరులో కాబట్టి ఆయనా ఈ సందుకే చేరారు. చాక్‌పీసు మానేసి ఏడేళ్లయినా మాట్లాడేటప్పుడు గాలిలో బొమ్మలు గీసే అలవాటు మాత్రం పోలేదు.

"నువ్వే చెప్పు సార్," అన్నాడు ఓబులేసు. "బార్డర్లో వాళ్లకీ మనకీ పడదు. మనం ఒక రాకెట్టు పంపితే వాళ్లు రెండు పంపుతారు. ఆకాశంలో అంత పోటీ పెట్టుకొని, కిందికి దిగినాక వాళ్ల బ్యాటరీ తెచ్చి మన ఆటోలో పెట్టుకుంటామా? ఏమన్నా న్యాయంగా ఉండాదా? చూడు ఆ గాడిని. ఆర్నెల్లకే పండుకునింది!"

అతను చెయ్యి చాచి చూపించింది ఎదురుగా నిలబడిన ఎలక్ట్రిక్ ఆటోని. అది రియాజ్‌ది. బుధవారం ఆయుధపూజ అందుకుంది, గురువారం పండగ బేరం అంతా తిరిగింది, రాత్రికి చార్జింగ్ పెడితే ఎక్కనంది. శుక్రవారం నలుగురు నెట్టుకొచ్చి ఇక్కడ నిలబెట్టారు. మెడలో బంతిపూల దండ వాడి, నల్లబడి, వేలాడుతోంది.

"బ్యాటరీనే పోయిందని నీకెవరు చెప్పినారు?" అని మాస్టారు అడిగారు.

"దాంట్లో ఇంకేముండాది సార్ పోయేదానికి? ఇంజను ఉందా, కార్బొరేటరు ఉందా?"

"దాంట్లో ఏముండాదో నేర్చుకోమనే కదయ్యా నేను మొత్తుకుంటాండేది!" టీ వడగడుతూ నేత్రావతి అందుకుంది. ఆమె కోలారు మనిషి. కన్నడలో మొదలుపెట్టి తెలుగులో ముగించడం, కోపం వస్తే రెండూ కలిపెయ్యడం ఆమె పద్ధతి. "సుమ్నే, ఊరికూరికే చైనా మీద పడి అరిస్తే ఏమొస్తాది? ఇదో కార్డు. సాయంత్రం అయిదు లోపల ఫోన్ చెయ్యమనింది ఆ పాప. తర్వాత నీ ఇష్టం."

కార్డు ఆమె బిస్కెట్ల సీసాకి అంటించి పెట్టింది. వచ్చే పోయే ప్రతివాడూ చదివేలా.

అది శ్రీజ ఇచ్చిన కార్డు. శుక్రవారం మధ్యాహ్నం ఆటో కంపెనీ నుంచి వచ్చిన టెక్నీషియన్ పిల్ల. సీటు ఎత్తి, మెయిన్ స్విచ్ ఆపి, లాప్‌టాప్ తగిలించి గంటసేపు కిందామీదా పడింది. "బ్యాటరీ హెల్త్ బానే ఉంది అన్నా, బట్ చార్జర్‌ని అది గుర్తుపట్టట్లేదు. రీజన్ అర్థం కావట్లేదు. మండే వ్యాన్ తెచ్చి బ్యాటరీని ల్యాబ్‌కి తీసుకెళ్తాం. టూ వీక్స్ పట్టొచ్చు," అని రియాజ్‌కి చెప్పింది. ఆ గంటసేపూ ఓబులేసు చేతులు వెనక్కి కట్టుకుని ఆమె భుజం మీంచి తొంగి చూస్తూనే ఉన్నాడు. పోతూ పోతూ ఆ పిల్ల అతన్ని చూసి, "అంకుల్, మీలాంటి సీనియర్ మెకానిక్స్‌కే ఒక ట్రైనింగ్ పెడుతున్నారు. సర్జాపురలో, ఎనిమిది ఆదివారాలు. ఫీజేం లేదు. ఇంకా రెండే సీట్లున్నాయి. రేపు ఫైవ్‌కి లిస్ట్ క్లోజ్ చేస్తాం," అంది.

అతనికి ఆ సీటు అవసరం ఎంతుందో షెడ్డును చూస్తే చాలు. ఒకప్పుడు పొద్దున షట్టరు ఎత్తేసరికే నాలుగు ఆటోలు వరసలో ఉండేవి. ఇప్పుడు రోజుకి ఒకటో రెండో. వాటిలో ఒకటి గాలి కొట్టించుకోవడానికే వస్తుంది. స్టాండులో పచ్చ నంబరు ప్లేటు ఎలక్ట్రిక్ ఆటోలు పెరిగేకొద్దీ అతని స్పానర్లు తుప్పు పడుతున్నాయి. ఇట్లాగే ఇంకో రెండేళ్లు పోతే షట్టరు ఎత్తే పని ఉండదు. ఆ మాట అతను బయటికి అనడు. నేత్రావతికి అనకుండానే తెలుసు.

మరి ఫోన్ చెయ్యడానికి అడ్డం చైనానా? కాదు. అసలు సంగతి వేరే ఉంది.

ఓబులేసుది మడకశిర పక్కన పల్లె. ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలో లెక్కల పేపరు చూడగానే అతని చేతులకు చెమట పట్టింది. చెమటకు కాగితం తడిసింది. తడిసిన కాగితం మీద పెన్ను పెడితే చిరిగింది. అంతే, లేచి బయటికి వచ్చేశాడు. ఆ వారంలోనే మేనమామ వెంట బెంగళూరు బస్సెక్కి, బళేపేటలో బోల్టులూ నట్లూ అమ్మే దుకాణంలో చేరాడు. అక్కడ కళ్లు మూసుకుని బోల్టు పట్టుకుంటే దానికి ఎన్నో నంబరు స్పానరు కావాలో చెప్పేవాడు. దుకాణం నుంచి గ్యారేజీ, గ్యారేజీ నుంచి సొంత షెడ్డు. స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడంటే లోపల ఏ బేరింగు అరిగిందో చెప్పేస్తాడు. డాక్టరు గుండె విన్నట్టే. ముప్ఫయ్యేళ్లుగా ఆ చెవి అతన్ని పోషించింది. ఎలక్ట్రిక్ ఆటో వచ్చి, చప్పుడే లేకుండా, ఆ చెవికి పని లేకుండా చేసింది.

శుక్రవారం శ్రీజ బండెక్కబోతుంటే అతను దగ్గరకు పోయి, ఎవరికీ వినపడకుండా ఒక్క మాట అడిగాడు. "పరీక్ష ఉంటాదా పాపా?"

"లాస్ట్‌లో చిన్న రిటన్ టెస్ట్ ఉంటుంది అంకుల్. సింపుల్."

అంతే. ఆ పిల్ల సందు మలుపు తిరిగిందో లేదో, అతను చైనా మీద విరుచుకుపడ్డాడు.

"సరే, చైనా సంగతి నాకొదిలెయ్," అన్నారు ప్రభుదాసు మాస్టారు, రెండో టీ అందుకుంటూ. "చంద్రుని మీద మన బండి దిగిన రోజు ఈ సందులో వెయ్యి వాలా కాల్చింది ఎవురు?"

"నేనే. ఇంకెవురు?"

"అందరికీ ఉచితంగా టీ పోయించింది ఎవురు?"

"ఆ టీ నాది," అంది నేత్రావతి. "నూట పది గ్లాసులు. ఇప్పటికీ నా చేతులు నొస్తాండాయి."

"ఆ రోజు ల్యాండరులోంచి ఒక చిన్న బండి దిగింది గదా, ఆరు చక్రాలది. అది చంద్రుని మీద పది రోజులు తిరిగింది. ఓబులేసూ, నువ్వు మెకానిక్‌వి, చెప్పు. అది పెట్రోలుతో తిరిగిందా, గ్యాసుతో తిరిగిందా?"

ఓబులేసు రియాజ్ ఆటో వైపు ఓరగా చూశాడు.

"పైన సోలారు పలక, లోపల బ్యాటరీ, చక్రానికి మోటారు," మాస్టారు గాలిలో ఆరు చక్రాలూ గీశారు. "నువ్వు టపాకాయలు కాల్చింది ఎలక్ట్రిక్ బండికప్పా! చంద్రుని మీద తిరిగితే గొప్ప, హూడిలో తిరిగితే సిగ్గా?"

టీ తాగుతున్న ఇద్దరు డ్రైవర్లు పకపకా నవ్వారు. ఓబులేసు చెవులు ఎర్రబడ్డాయి. "అది మన బ్యాటరీ సార్. ఇది వాళ్లది."

"అయితే మనమూ చేసుకుందాం, ఎవరొద్దన్నారు? క్లాసులో పక్క బెంచీవాడికి మార్కులెక్కువ వస్తే ఏం చెయ్యాల? వాడి పలక పగలగొట్టాలా, కూర్చుని వాడికంటే బాగా రాయాలా? ముందు కూర్చోవాల గదా బెంచీలో!"

బెంచీ అనే మాట వినగానే ఓబులేసు లేచి షెడ్డులోకి పోయాడు. లోపల స్పానర్లు ఊరికే అటూ ఇటూ సర్దిన చప్పుడు వినపడింది.

మధ్యాహ్నం రెండింటికి రియాజ్ వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. రోజంతా నవ్వుతూ ఉండే కుర్రాడు అట్లా ఉంటే చూడబుద్ధి కాదు.

"అన్నా, ఒక మాట అనుకున్నా. సోమవారం బ్యాటరీ ఒక్కటే కాదు, గాడి మొత్తం తీసుకుపొమ్మంటా. రెండు వారాలు ఖాళీగా కూర్చుంటే ఎట్ల? పాత గ్యాస్ ఆటో ఒకటి చూసినా. మళ్లా నీ షెడ్డుకే వస్తా. నువ్వు చెప్పినట్లే ఇది చైనా సరుకు, నమ్మేదానికి లేదు."

ఓబులేసు గెలిచాడు. పోయిన గిరాకీ వెనక్కి వస్తోంది. రెండు రోజులుగా అరిచిన అరుపు ఫలించింది. కానీ ఆ గెలుపు గొంతు దిగలేదు.

"నీకు మటుకు ఎట్లుండాది రియాజూ ఈ గాడి? నిజం చెప్పు."

"నిజం చెప్పాల్నంటే బాగుండాదన్నా. పాత గాడి దిగినా గూడా రాత్రంతా ఒళ్లు అదురుతానే ఉండేది. ఇప్పుడు లేదు. దగ్గు పోయింది. మా ఇంటామె చాందిని అయితే, 'ఇప్పుడు నీ చొక్కా ఉతికితే నీళ్లు నీళ్లలాగే ఉండాయి' అంటాది. అయినా ఏం చేస్తాం? పోనీలే." అని చెప్పి రియాజ్ అన్నం తినడానికి పక్క హోటలుకి పోయాడు.

ఓబులేసుకు చేతులు ఊరుకోలేదు. మూడో రోజు దండ తియ్యాలి, అది పద్ధతి. ఆటో దగ్గరకు పోయి వాడిన బంతిపూల దండ తీశాడు. అరటి పిలకలు విప్పాడు. పక్కనున్న చార్జింగ్ మూత దగ్గర చేతికి ఏదో గరుగ్గా తగిలింది. మూత సందులో సన్నగా పసుపు గీత.

అతను దాన్ని గోటితో గీకి చూశాడు.

ఆయుధపూజ రోజు ఈ సందులో పద్ధతి ఒకటుంది. పాతికేళ్లుగా స్టాండులో ఏ మతం వాడిదైనా సరే, ఆటో అన్నాక వరసలో నిలబడాల్సిందే. పూజ చేసేది ఓబులేసే. చక్రాలకు నిమ్మకాయలు, అద్దానికి దండ, దిష్టికి బూడిద గుమ్మడికాయ. అన్నిటికంటే ముఖ్యం, బండికి ప్రాణం ఎక్కే చోట పసుపు, బొట్టు. మామూలు ఆటో అయితే వెనక మూత ఎత్తి కార్బొరేటరుకి పెడతాడు. బుధవారం రియాజ్ ఆటో ముందుకి వచ్చి అతను ఆగిపోయాడు. "దీనికి ప్రాణం యాడ ఎక్కుతాదప్పా?" అని అడిగితే, ఎవరో నవ్వుతూ, "ఇంకెక్కడ, చార్జింగ్ పెట్టే కాడ!" అన్నారు. నిజమే కదా అనుకుని ఓబులేసు మూత తీసి, నీళ్లల్లో జారుగా కలిపిన పసుపును వేలితో దండిగా, భక్తిగా అద్దాడు. మళ్లీ ప్లగ్గు పెట్టుకోవాలి కదా అని పైపైన గుడ్డతో తుడిచేశాడు. పైన తుడిచాడు. లోపల సన్న రంధ్రాల్లోకి పోయింది పోయినట్టే ఉండి ఎండిపోయింది. ఆ సాకెట్టు లోపలి రబ్బరు అసలే నారింజ రంగు. శ్రీజ కంటికి పసుపు ఎలా కనపడుతుంది?

ఓబులేసు చుట్టూ చూశాడు. మాస్టారు పేపరులో మునిగి ఉన్నారు. రియాజ్ ఇంకా రాలేదు. అతను తాళం తీసేసి, సీటు ఎత్తి, శ్రీజ చేసినట్టే మెయిన్ స్విచ్ ఆపాడు. తర్వాత టీ బండి వెనక్కి పోయి చీపురులోంచి ఒక పుల్ల విరిచాడు.

"చీపురుపుల్ల ఎందుకయ్యా?"

"పన్ను సందులో ఏదో ఇరుక్కునింది."

మోకాళ్ల మీద కూర్చుని, టార్చి నోట్లో పట్టుకుని, కార్బొరేటరు జెట్టు శుభ్రం చేసే ఒడుపుతోనే ఒక్కో రంధ్రంలో పుల్ల తిప్పాడు. అన్నిటికంటే చిన్న రంధ్రంలోంచి పసుపు పొడి రాలింది. బ్రష్షుతో దులిపాడు. గాలి పంపుతో మెల్లగా ఊదాడు. స్విచ్ వేసి, షెడ్డులోంచి వైరు లాగి, చార్జరు తగిలించాడు.

ఒకటి, రెండు, మూడు. పచ్చ లైటు.

అప్పుడే వచ్చిన రియాజ్ కేక పెట్టాడు. పరుగున వచ్చి ఓబులేసును వెనకనుంచి ఎత్తేశాడు. "అన్నా! లాప్‌టాప్‌కి దొరకంది నీకు దొరికిందన్నా! ఏం చేసినావు?"

"ఏం లే. కనెక్షను... సరిగ్గా కూర్చోలేదు." ఆ మాట అంటున్నప్పుడు ఓబులేసు ఎవరి ముఖమూ చూడలేదు.

స్టాండులోంచి డ్రైవర్లు వచ్చారు. ఒకడు అతని చెయ్యి పట్టుకుని ఊపాడు. ఒకడు ఫోటో తీశాడు. నేత్రావతి అల్లం వేసిన టీ పెద్ద గ్లాసుతో తెచ్చిచ్చింది. ఎన్నాళ్లయింది ఈ షెడ్డు ముందు ఇంతమంది చేరి! సగం టీ వరకూ ఓబులేసుకు ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

మిగతా సగం దగ్గరే వచ్చింది చిక్కు. రియాజ్ ఫోన్ తీశాడు.

"ఉండన్నా, ఆ పాప ఆఫీసుకి ఫోన్ చేసి దులిపేస్తా. బ్యాటరీ పెరకాల్నంట, ల్యాబంట! మా అన్న చీపురుపుల్లతో చేసేసినాడు అని చెప్తా. పని రాని పిల్లల్ని పంపి మా పొట్ట కొడతాండారు అంటా. ఆ పిల్లను ఇంకోసారి పంపొద్దంటా."

"వద్దు. ఫోన్ పెట్టెయ్."

"ఎందుకన్నా? రెండు దినాల బేరం పోగొట్టింది—"

"పోగొట్టింది ఆ పాప కాదప్పా, నేను!" ఓబులేసు గ్లాసు కింద పెట్టేశాడు. "చైనా గూడా కాదు. బుధవారం ప్రాణం ఎక్కే చోటని పసుపు పూసింది ఎవురు? నేనే. అది లోపల ఎండి అడ్డం పడింది. ఇదో, చూడు." పుల్ల కొసన పసుపు ఇంకా అంటుకునే ఉంది.

అందరూ ఆ పుల్ల చుట్టూ మూగారు. ఆ తర్వాత మొదట నవ్వింది నేత్రావతి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, బండికి ఆనుకుని, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. "రెండు దినాలుగా ఒక దేశాన్ని తిట్టినాడు సార్ ఈయన, తన చేతి పసుపుకి!"

అందరూ అందుకున్నారు. రియాజ్ మాత్రం ఒక నిమిషం గుర్రుగా చూశాడు, రెండు రోజుల బేరం ఊరికే పోలేదు కదా. తర్వాత అతని మీసం కింద కూడా నవ్వు కదిలింది. "వచ్చే ఏడాది నా గాడికి బొట్టు పెట్టేది అద్దానికి మాత్రమే అన్నా. చెప్పినా, అంతే."

"గాడి వాపసు ఇస్తానంటివే?"

"యాడికిస్తా? పచ్చ లైటు వెలగతాంటే."

ప్రభుదాసు మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ దగ్గరకు వచ్చారు. "ఓబులేసూ, ఒకటి అడుగుతా. పుల్ల పెట్టే ముందు మెయిన్ స్విచ్ ఆపినావే, అది ఎవరు చెప్పినారు నీకు?"

"ఆ పాప నిన్న ఆపింది గదా సార్. చూస్తి."

"చైనాను తిడతానే చూసినావా?"

"తిట్టేది నోరు సార్. చూసేది కండ్లు."

"చాలు. ఒక పాఠం అయిపోయింది. ఇంకేడు ఆదివారాలు." ఆయన గొంతు తగ్గించారు. "పరీక్షకే గదా నీ భయం?"

ఓబులేసు ఉలిక్కిపడ్డాడు. నేత్రావతి వైపు చూశాడు. ఆమె పాలు పొంగకపోయినా పాలగిన్నె వైపే చూస్తోంది.

"మా బళ్లో ప్రతి ఏడూ చేతులకి చెమట పట్టేటోళ్లు నలుగురైనా ఉండేవాళ్లప్పా. వాళ్లకి పరీక్ష రాసే అట్ట కింద, చేతులు తుడుచుకునేదానికి చేతిగుడ్డ పెట్టి ఇచ్చేటోణ్ణి. నీకూ తెస్తా. సర్జాపుర దాకా నేనూ వస్తా. నాకు ఆదివారం చర్చి పది గంటలకు అయిపోతాది. వెనక బెంచీలో కూర్చుంటా. నాకు మాత్రం తెలుసునా ఆ బ్యాటరీ గుట్టు? బళ్లో బ్యాటరీ పాఠం అన్నేళ్లు చెప్పినా, ఒక్కసారైనా విప్పి చూడలేదు నేను!" ఆయన గాలిలో బ్యాటరీ గీసి, దాంట్లో ఏం గియ్యాలో తెలియక చెయ్యి ఆపేశారు.

నాలుగు గంటల నలభై నిమిషాలు. నేత్రావతి బిస్కెట్ల సీసా మీంచి కార్డు ఊడదీసి, మాట్లాడకుండా తెచ్చి ఇచ్చింది. స్టవ్వు చప్పుడు వినపడకుండా మంట తగ్గించింది.

ఓబులేసు షెడ్డులోకి పోయి నూనె చేతులు సబ్బుతో కడుక్కున్నాడు. తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. చెమట పట్టిందో నీళ్లో తెలియలేదు. పాత ఫోన్ తీసి కార్డు చూస్తూ ఒక్కో అంకె నొక్కసాగాడు, స్పానరు నంబర్లు చెప్పుకున్నట్టు పెదాలు కదిలిస్తూ.

పదో అంకె దగ్గర ఆగాడు. ఏం చెప్పాలో ఒకసారి వరస పెట్టుకున్నాడు. మొదట పసుపు సంగతి చెప్పాలి. ఆ పిల్ల రిపోర్టులో బ్యాటరీ మీద ఏమన్నా రాసి ఉంటే కొట్టేయించాలి. వ్యాన్ వద్దనాలి. ఇంకోసారి ఎక్కడికైనా పోతే సాకెట్టులో టార్చి వేసి చూడమనాలి, ఈ ఊళ్లో నాలాంటోళ్లు చాలామంది ఉండారని చెప్పాలి.

ట్రైనింగుకి తన పేరు రాసుకోమనేది ఆ తర్వాత. ఆ పిల్ల ఇంకా వింటూ ఉంటే.

బయట పచ్చ లైటు వెలుగుతోంది. ఓబులేసు ఆ పదో అంకె మీద బొటనవేలు పెట్టాడు.